సైకోథెరపీలో జరిగింది ఇది

ఈసీజీ బాగానే ఉందన్నారు. ఎకో బాగానే ఉందన్నారు. థైరాయిడ్ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. "మీకేం లేదమ్మా, ధైర్యంగా ఉండండి" అని డాక్టరు చెబితే భయం ఇంకా పెరిగింది. ఏమీ లేకపోతే బస్సు కృష్ణ వారధి ఎక్కేసరికి గుండె ఎందుకలా కొట్టుకుంటోంది? చేతులు తిమ్మిరెక్కి, ఊపిరాడక, ఇక్కడే పోతానని ఎందుకనిపిస్తోంది?

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. మొదట బస్సు మానేశాను. తర్వాత లిఫ్టు, రైతుబజారు, పెళ్ళిళ్ళు. చివరికి స్నానాల గది గడియ పెట్టుకోవడానికి కూడా భయమే. మా చెల్లెలు తలుపు బయట నిలబడి "ఇక్కడే ఉన్నానక్కా" అంటూ ఉండాలి. నలభై దాటిన మనిషిని. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. అమ్మ తాయెత్తు కట్టించింది. ఆఫీసులో బీపీ అని చెప్పాం.

సైకియాట్రిస్టు దగ్గరికి మా మరిది తీసుకెళ్ళాడు. ఇది పానిక్ డిజార్డర్ అన్నారాయన. మాత్రలు రాసి, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికీ వెళ్ళమన్నారు. ఇద్దరికీ తేడా ఉందని అప్పటిదాకా తెలియదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు. వారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

సైకాలజిస్టు మేడమ్ దగ్గర మొదటి రోజు ముప్పావుగంట. పడుకోబెట్టి చిన్ననాటి సంగతులు తవ్వుతారనుకున్నాను. ఎదురెదురుగా రెండు కుర్చీలు, అంతే. ఇక్కడ చెప్పింది బయటికి పోదన్నారు మేడమ్. ప్రాణానికి ముప్పుందనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సి వస్తుందని కూడా అప్పుడే చెప్పారు. వారానికోసారి, మూడు నాలుగు నెలలు పట్టవచ్చన్నారు. పద్ధతి పేరు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు మొదలుపెట్టిందట. నాకు పేరుతో పనిలేదు, దడ ఆగితే చాలు. మిగతా సమయమంతా ఏడ్చాను. ఆమె ఆపమనలేదు.

తర్వాతి వారాల్లో నోటుబుక్కు రాయించారు. దడ వచ్చిన వేళ, అప్పుడు మనసులో మెదిలిన మాట, భయం పదికి ఎంత. రాయగా రాయగా ఒకటి బయటపడింది. గుండె కాస్త వేగంగా కొట్టుకోగానే "ఇది గుండెపోటే" అనుకుంటున్నాను. ఆ భయానికి ఊపిరి గబగబా తీస్తున్నాను. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తిమ్మిర్లు, కళ్ళు తిరగడం అందువల్లే. వాటిని చూసి మళ్ళీ భయం.

ఐదో వారం అన్నిటికన్నా కష్టం. మేడమ్ సన్నటి స్ట్రా ఒకటి చేతికిచ్చారు. ముక్కు మూసుకుని ఒక నిమిషం దానితోనే ఊపిరి తీయమన్నారు. దేనికి భయపడి ఇల్లు కదలడం మానేశానో, దాన్ని కావాలని తెచ్చుకోవడం. స్ట్రా పళ్ళ మధ్య నలిగిపోయింది. కొద్ది సెకన్లకే తీసి పారేశాను. నావల్ల కాదని బతిమాలాను. ఆమె బలవంతపెట్టలేదు. తనూ ఒక స్ట్రా తీసుకుని నాతోపాటు మొదలుపెట్టారు. గుండె అదిరిపోయింది. నీళ్ళు తాగలేదు, చెల్లెల్ని పిలవలేదు. కాసేపటికి దానంతటదే తగ్గింది. గుండె పరీక్షలన్నీ అయ్యాక, మేడమ్ ఎదుట చేసిన పని ఇది. ఇంట్లో సొంతంగా చేసుకునేది కాదు.

ఆ వారమంతా దడ ఎక్కువైంది. థెరపీలో మధ్యలో ఇలా కావచ్చని ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నాను. లేకపోతే మానేసేదాన్నే.

ఆ తర్వాత బస్సు. మొదట స్టాండులో ఆగి ఉన్న బస్సులో కూర్చోవడం. తర్వాత మంగళగిరి దాకా, చెల్లెలు పక్కన. ఆ తర్వాత అది వెనక సీట్లో. చివరికి ఒక్కదాన్నే వారధి దాటాను. ఏడుస్తూనే దాటాను.

నా కోసం చెల్లెలు కుట్టుపని రాత్రిళ్ళకు మార్చుకుంది. ఒక నెల డబ్బు సర్దుబాటు కాకపోతే మేడమ్ ఫీజు తర్వాత ఇవ్వమన్నారు. ఈ రెండూ లేకపోతే నాకు థెరపీ సాగేది కాదు.

దడ పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడూ వస్తుంది, నోటుబుక్కు తీస్తాను. మాత్రలు డాక్టరే మెల్లగా తగ్గిస్తున్నారు.

ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి విశాఖలో, హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2022 నుంచి టెలిమానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ కూడా ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. గొంతు పెగలకపోతే ఇంట్లో ఎవరిచేతనైనా చేయించండి. నా మొదటి అపాయింట్‌మెంటుకు ఫోన్ చేసింది మా మరిదే.