కవాడిగూడలో పెళ్లి.. మరి విడిది ఎక్కడ?

మా అక్క పెళ్లి కవాడిగూడలోని ఓ ఫంక్షన్ హాల్లో. నాన్న నాకు అప్పగించిన డ్యూటీ విడిది. కర్నూలు, విశాఖ, కరీంనగర్ నుంచి నలభై మంది వస్తున్నారు. కూరలో ఉప్పు తగ్గితే చుట్టాలు మర్చిపోతారేమో కానీ, పొద్దున్నే వేడినీళ్లు రాకపోతే పదేళ్లైనా చెప్పుకుంటారు. అందుకే వారం రోజులు ఆఫీసయ్యాక బైక్ మీద ఈ చుట్టుపక్కలంతా తిరిగా. మీ ఇంట్లోనూ ఇక్కడ పెళ్లుంటే పనికొస్తుంది, చదవండి.

బడ్జెట్ ఉంటే వెతకక్కర్లేదు. ట్యాంక్‌బండ్ దగ్గర, హుస్సేన్‌సాగర్ ఎదురుగానే మారియట్ ఉంది. నలభై మందికి అక్కడంటే మాత్రం నాన్న పీఎఫ్ తియ్యాల్సిందే! మధ్యరకం హోటళ్లకి చిక్కడపల్లి, నారాయణగూడ. ఇంకా చవకగా కావాలంటే కాచిగూడ స్టేషన్ దగ్గరి లాడ్జీలు చూడండి.

ఈ ఏరియాకి పెద్ద ప్లస్ మెట్రో. 2020 ఫిబ్రవరిలో మొదలైన జేబీఎస్-ఎంజీబీఎస్ గ్రీన్‌లైన్‌లో ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వరసగా వస్తాయి. కరీంనగర్ బస్సు జేబీఎస్‌లో దిగినా, కర్నూలు బస్సు ఎంజీబీఎస్‌లో దిగినా ఒకటే లైను. కాకపోతే అర్ధరాత్రి ముహూర్తానికి మెట్రో ఉండదు, బండి మాట్లాడుకోవాలి. రైల్లో వచ్చేవాళ్ల టికెట్ మీద స్టేషన్ పేరు చూడండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. అది ఊరి చివర.

అశోక్‌నగర్‌లో హాస్టళ్లు బోలెడు కదా, మాకు అక్కడ బెడ్లు చూడమని కజిన్స్ అన్నారు. గ్రూప్స్‌కి చదువుకునేవాళ్ల మధ్య పెళ్లి గోల ఎందుకని వద్దన్నా.

బుక్ చేసేముందు ఇవి అడగండి. చెకౌట్ మధ్యాహ్నం పన్నెండుకా, 24 గంటల లెక్కా? తెల్లవారుజామున దిగేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. లిఫ్ట్ ఉందా? వెస్టర్న్ టాయిలెట్ ఉందా? కరెంటు పోతే లిఫ్ట్ నడుస్తుందా? రోజుకి రూ.7,500 దాకా ఉండే రూముకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, బిల్లులో చూసుకోండి. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులు, విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్ల పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోమనండి.

అసలు గొడవ రూముల పంపకం దగ్గర వచ్చింది. హాలుకి దగ్గరున్న మంచి హోటల్ మగపెళ్లివాళ్లకి, దూరం లాడ్జి మనవాళ్లకి అన్నారు నాన్న. మరి మోకాళ్ల నొప్పులతో మా అమ్మమ్మ? "మర్యాద పోతుందిరా" అన్నారు. నేను బావ వాళ్లమ్మగారికే ఫోన్ చేసి అడిగా. "మా అత్తగారికీ మెట్లు కష్టమే నాయనా, పెద్దవాళ్లందర్నీ ఒకచోటే పెట్టు" అన్నారావిడ. అంతే, రెండువైపుల పెద్దవాళ్లకీ దగ్గరి హోటల్, రెండువైపుల కుర్రాళ్లకీ నారాయణగూడ లాడ్జి. నాన్న రెండ్రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత ఆయనే లిస్టు తీసుకుని, అమ్మమ్మకి లిఫ్ట్ పక్క రూము రాశారు.

హోటల్ పేరు, లొకేషన్, చెకౌట్ టైము ఒక్క వాట్సాప్ మెసేజ్‌లో అందరికీ పంపండి. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి.