సంతకం ఎవరిది?

మేము కృష్ణా డెల్టా యానాదులం. దివిసీమ మడ అడవుల్లో పీతలు పడతాం. గుడివాడ చుట్టుపక్కల వరిచేలల్లో ఎలుకలు పడతాం. చేపల చెరువుల గట్ల మీద కాపలా ఉంటాం. అందుకే దేవ కట్టా తీసిన ‘రిపబ్లిక్’ (2021) సినిమా మాకు పరాయి కథ అనిపించలేదు.

అందులో తెల్లేరు అనే సరస్సు ఉంది. పేరు మార్చినా అది కొల్లేరేనని గుడివాడ, కైకలూరు వైపు వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. కలెక్టరుగా వచ్చిన అభిరామ్ (సాయిధరమ్ తేజ్), చెరువుల వెనకున్న నాయకురాలు విశాఖ వాణి (రమ్యకృష్ణ)ని ఎదిరిస్తాడు. అతని తండ్రి దశరథ్ (జగపతిబాబు) కూడా ప్రభుత్వ అధికారే, కానీ లొంగిపోయిన అధికారి. చివరికి కొడుకు ప్రాణమే పోతుంది.

చాలామందికి అది కలెక్టరు కథ. మాకు మాత్రం తండ్రి కథే గుచ్చుకుంది. మనిషి ఆశయం ఒక్కరోజులో చావదు. ఒక కాగితం మీద ఒక సంతకం, తర్వాత ఇంకోటి, అలా చస్తుంది.

అసలు కొల్లేరు కథా కాగితాల మీదే నడిచింది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. అయినా చెరువులు ఆగలేదు. 2006లో ప్రభుత్వమే గట్లు పగలగొట్టించింది. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. ఇన్ని కాగితాల మధ్య గట్టు మీద పడుకునే కాపలావాడి బతుకు గురించి అడిగిందెవరు?

సినిమా కలెక్టరు బల్లకు అటువైపు నుంచి చూపిస్తుంది. మేము ఇటువైపు నిలబడేవాళ్ళం. బందరులో సోమవారం అర్జీ పట్టుకుని వరసలో నిలబడేది మేమే.

అయితే మన చేతికీ ఒక సంతకం వచ్చింది. 73వ రాజ్యాంగ సవరణతో 1993 నుంచి పంచాయతీల్లో మనకు రిజర్వేషన్ ఉంది. మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి 1996 పెసా చట్టం ఇక్కడికి రాదు. ఊళ్ళో మనకున్న పెద్ద ఆసరా ఈ సీటే.

ఆ సీటు మనకు వచ్చిన ఊళ్ళో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఎదురు చెప్పని మనిషి కోసం వెతుకులాట మొదలవుతుంది. నామినేషన్ డబ్బు చెరువు రైతే కడతాడు. గెలిచాక చెక్కుబుక్కు ఆయన ఇంట్లోనే ఉంటుంది. మనవాడు పిలిచినప్పుడు వెళ్ళి సంతకం పెట్టి వస్తాడు.

అతను అమ్ముడుపోయాడనడం తేలిక. కానీ అతను కాసే చెరువు, పడుకునే గుడిసె, తీసుకున్న అడ్వాన్సు అన్నీ ఆ రైతువే. దశరథ్ చదువుకున్నవాడు, తెలిసే లొంగాడు. మనవాడికి ఆ కాగితం చదివి చెప్పేవాళ్ళే లేరు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అభిరామ్ లాంటి కలెక్టరు వస్తాడని ఎదురుచూడొద్దు. మీ ఊరి తీర్మానాల పుస్తకం అడిగి చదవండి. గ్రామసభ రోజు మన సర్పంచి పక్కన ఇద్దరు కూర్చోండి. ఒంటరిగా ఉన్నవాడినే లొంగదీయడం తేలిక. టీచర్లకు మా మనవి ఒకటే: పిల్లలకు సంతకం పెట్టడం ఎలాగూ నేర్పుతున్నారు. చదవకుండా పెట్టకూడదని కూడా నేర్పండి.