ఇద్దరే వెళ్లాలంటే అరకు

కొత్త జంట ఎవరడిగినా నేను అరకే చెప్తాను. అదీ కారులో వద్దు. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కండి. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలవుతాయి. ఒక సొరంగంలోంచి బయటపడీ పడకముందే ఇంకోటి, మధ్యలో లోయలు. డ్రైవింగ్ గొడవ లేదు కాబట్టి ఇద్దరూ ఒకే కిటికీ దగ్గర కూర్చోవచ్చు, నాకదే ముఖ్యం. 2017లో వచ్చిన విస్టాడోమ్ అద్దాల బోగీ అందంగానే ఉంటుంది గానీ, మామూలు బోగీలో మొహానికి కొట్టే చలిగాలి అందులో దొరకదు. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే వలిసె పూలతో పొలాలన్నీ పసుపే. ఆదివారాలు మాత్రం వద్దు, జనం కిటకిటలాడతారు. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి వెళ్లండి. రాత్రి అక్కడే ఉండండి.