నోటికి వేసుకున్న చిక్కం



కొన్ని నెలలుగా శనివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక మందిరంలోనే చాపలు పరుచుకుని పది పన్నెండు మందిమి కూర్చుంటున్న సంగతి మీకు తెలుసు. పాట రాసేవాళ్లు పాట, సాక్ష్యం రాసేవాళ్లు సాక్ష్యం. ఇది మొదలుపెట్టినప్పుడు రాయడం చేతకాక ఇబ్బంది పడతారేమో అనుకున్నాం. అది కాదు అసలు ఇబ్బంది. చేతకాక ఆగేవాళ్లు తక్కువ. రాయకముందే లోపల ఎవరో వద్దంటే ఆగిపోయేవాళ్లే ఎక్కువ. పెన్ను మూత తీస్తారు, ఒక ముక్క రాస్తారు, కొట్టేస్తారు, కాగితం చింపి ఉండ చుడతారు. గంట గడిచేసరికి చాప చుట్టూ ఉండలు, ఒళ్లో తెల్లకాగితం.

లోపల ఎవరు, ఏమంటున్నారు అని ఒక శనివారం అందరినీ అడిగాం. నవ్వుకుంటూనే చెప్పారు. "నీ చదువెంత, నువ్వెంత" అంటాడట. "ఇదీ ఒక పాటేనా" అంటాడట. "ఆ వీధివాళ్లు చదివితే ఏమనుకుంటారు", "దేవుడి గురించి ఇట్లాగా రాసేది?" అంటాడట. డిగ్రీ చదివే అమ్మాయికీ, మూడో తరగతితో బడి మానేసిన అక్కకీ అవే మాటలు. అంత చదువు తేడా ఉన్న ఇద్దరికీ ఒకే మాట చెబుతున్నాడంటే వాడు వాళ్లు రాసింది చదివి చెప్పడం లేదన్నమాట!

చిక్కేమిటంటే ఆ గొంతును మన విశ్వాసులు వినయం అనుకుంటారు. భయభక్తులు అనుకుంటారు. "మనమెంతటివాళ్లం అయ్యగారూ" అని పుస్తకం మూసేస్తే చూసేవాళ్లకూ ముచ్చటగానే ఉంటుంది. 39వ కీర్తన ఒకసారి తీసి చూడండి. అక్కడ దావీదు సరిగ్గా ఇదే పని చేస్తాడు. నాలుకతో పాపం చేయకూడదని, భక్తిలేనివాళ్లు ఎదురుగా ఉన్నంతసేపూ నోరు కట్టేసుకుంటానని తీర్మానం చేసుకుంటాడు. మన తెలుగు బైబిలులో అక్కడ వాడిన మాట చిక్కం. నూర్పిడి కళ్లంలో ఎద్దు గడ్డి అందుకోకుండా మూతికి కట్టేదే చిక్కం. ఇప్పుడు మిషన్లు వచ్చాయి గనుక పిల్లలకు తెలియకపోవచ్చు, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కళ్లం తొక్కే ఎద్దుకే చిక్కం వేయవద్దని ధర్మశాస్త్రంలో ఆజ్ఞ ఉంది. ఇక్కడ మనిషి తనకు తానే వేసుకున్నాడు. అదీ మంచి ఉద్దేశంతోనే.

తరువాత ఏమైంది? మంచి మాట కూడా పలకలేకపోయాడు. బాధ తగ్గలేదు, పెరిగింది. లోపల వేడెక్కింది, ఆలోచిస్తున్నకొద్దీ మంట రాజుకుంది, అప్పుడు నోరు తెరిచాడు. తెరిచి అన్న మాటలు చక్కగా ముగుస్తాయా అంటే అదీ లేదు. నేను వెళ్లిపోయేలోగా కాస్త తెప్పరిల్లనివ్వు, నీ చూపు నా మీదనుంచి తిప్పుకో అని దేవుణ్ణే అడిగి అక్కడితో ఆపేస్తాడు. ఇట్లాంటి ముగింపుతో మన యూత్ పిల్లలెవరైనా పాట తెస్తే మనం పాడిస్తామా? ఆ కీర్తన తలకట్టు చూడండి, ప్రధాన గాయకుడైన యెదూతూను పేరు ఉంది. అంటే ఆ ఫిర్యాదును తీసుకెళ్లి దేవుని ఆలయంలో పాటలు పాడించేవాడి చేతిలో పెట్టారు. అతను పక్కన పడేయలేదు.

సెమినరీలో మేము ఈ కీర్తనను విలాప కీర్తనల వరుసలో చదువుకున్నాం. పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి. ఇప్పుడు చాప మీద కూర్చుని మనవాళ్ల చేతులు ఆగిపోవడం చూస్తుంటే, ఇది రాయలేని మనిషి రాసిన కీర్తన అనిపిస్తోంది.

రాసినదాన్ని నాశనం చేసినవాడు కూడా బైబిలులో ఉన్నాడు. యిర్మీయా 36వ అధ్యాయం. ప్రవక్త చెబుతుంటే బారూకు సిరాతో చుట్ట రాశాడు. యెహోయాకీము రాజు చలికాలం నగరులో కుంపటి ముందు కూర్చుని చదివించుకున్నాడు. మూడు నాలుగు పుటలు చదవడం, రాజు చాకుతో కోసి కుంపట్లో వేయడం. అట్లా చుట్టంతా బూడిదయ్యింది. మళ్లీ రాయమని దేవుడు చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. రెండోసారి రాసినదానిలో అట్లాంటి మాటలు ఇంకా చాలా చేరాయని అక్కడే ఉంది. ఆ రాజు దుర్మార్గుడే, కానీ ఒక్క సంగతిలో మన లోపలి మనిషికంటే నయం. వాడు కోసేముందు చదివించుకుని విన్నాడు. మనవాడు అదీ చేయడు, సిరా ఆరకముందే చాకు తీస్తాడు.

ఇక భాష సంగతి. దీనికి కారణం కొంత మా బోధకులదే. పీఠం మీద ఒక తెలుగు, పీఠం దిగాక ఒక తెలుగు మాట్లాడతాం. బైబిలు పాత గ్రాంథికంలో ఉండేసరికి దేవుడికి ఆ తెలుగే వస్తుందని జనం అనుకుంటారు. మిరప కోతల్లో కూలికి వెళ్లే ఒక చెల్లెమ్మ "దుఃఖాక్రాంతురాలనైతిని" అని రాసింది. ఇదేమిటమ్మా, ఇంట్లో ఇట్లాగే అంటావా అంటే, "ఏడ్చాను అంటే బాగుండదు కదండీ అయ్యగారూ" అంది. ఎందుకు బాగుండదు? ఏడ్చింది గదా! ఆ పెద్దమాట రాశాక ఏడుపు పోయింది, పేరు మారిస్తే ఊళ్లో ఎవరికైనా సరిపోయే వాక్యం మిగిలింది. మన సాక్ష్యాలు చాలావరకు ఇట్లాగే ఉంటాయి. పూర్వం పాపిని, ఫలానా కూటాల్లో మారుమనస్సు పొందాను, ఇప్పుడు సంతోషంగా ఉన్నాను. అబద్ధమేమీ లేదు, మనిషి కూడా లేడు.

ఇప్పుడు చెప్పబోయేది ఒక అక్క సంగతి. ఆమె ఇది చదివి, పెట్టమన్నాకే పెడుతున్నాం. ఆమె కొడుకు పొలంలో మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. పందొమ్మిదేళ్లు. ఏడాది తిరిగి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నప్పుడు చదవడానికి నాలుగు మాటలు రాసుకుంటానని చాప మీదికి వచ్చింది. రెండు శనివారాలు యోబు మాటలు చూసి రాసింది. మూడో శనివారం అమ్మగారు ఆమె పక్కన కూర్చున్నారు. ఒక పేజీలో మూడు వరుసలు కొట్టేసి ఉన్నాయి. మామూలుగా కొట్టడం కాదు, కాగితం చిరిగి కింది పేజీ కనబడేంతగా. అదేమిటక్కా అని అడిగితే, "రాయకూడని మాటమ్మా, పాపం" అంది. చాలాసేపటికి చెప్పింది. పిల్లాడు ఆ పొద్దున అన్నం తినకుండా వెళ్లాడు. వస్తాడని గిన్నె మీద మూత పెట్టి ఉంచింది. సాయంత్రం ఎవరో తీసి కడిగేదాకా ఆ మూత అట్లాగే ఉంది. "ఆ అన్నం గిన్నె నీకు కనబడలేదా ప్రభువా" అని రాసింది. రాసి, భయపడి కొట్టేసింది.

అప్పటికి నాలుగు నెలలుగా తాను ప్రార్థన చేయడం లేదని కూడా ఆ రోజే చెప్పింది. గుడికి వస్తోంది, కళ్లు మూసుకుంటోంది, పెదాలు కదుపుతోంది. లోపల ఉన్న ఒక్క మాటను అననివ్వకపోతే మిగతా మాటలు కూడా రావడం లేదు. మంచి మాట కూడా పలకలేకపోయానని కీర్తనకారుడు అన్నది ఇదే గదా.

ఆ మూడు వరుసలు మళ్లీ రాయమన్నాం. రాసింది. కూడికలో చదువుతానంది. అప్పుడు సంఘ పెద్దల్లో ఒకాయన మా దగ్గరకొచ్చి, "కొత్త విశ్వాసులు ఉంటారండీ, అభ్యంతరపడరా?" అన్నారు. తీసిపారేయవలసిన మాట కాదది. సంఘం మేలు కోరి అడిగారు. మేము 88వ కీర్తన తీసి ఇచ్చి చివరిదాకా చదవమన్నాం. అది మొరతో మొదలై చీకటిలోనే ఆగిపోతుంది, ఓదార్పు వచనం ఒక్కటీ చివర అతికించలేదు. ఆయన చదివి, "ఇది బైబిలు కాబట్టి సరే" అన్నారు. ఇప్పటికీ ఆయన మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ అక్క చదివింది. చదివాక ఎవరూ ఆమేన్ అనలేదు, చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తరువాతి బుధవారం స్త్రీల కూటంలో గొంతెత్తి ప్రార్థన చేసింది. గొంతు బాగా లేదు, మాటలు సరిగా కుదరలేదు. చేసింది.

అయితే లోపల వచ్చే ప్రతి ఆటంకమూ అపవాది గొంతేనా? కాదు. మనస్సాక్షి కూడా ఆపుతుంది. రెండింటికీ తేడా పట్టడం పెద్ద కష్టం కాదని మా అనుభవం. మనస్సాక్షి ఒక వరుసను వేలుపెట్టి చూపిస్తుంది. ఇక్కడ నీ తోటికోడలు గురించి రాసింది నిజం కాదు, అది తీసెయ్ అంటుంది. తీసేస్తే ఊరుకుంటుంది. రెండోవాడు ఏ వరుసనూ చూపించడు. నువ్వే పనికిరావంటాడు. పేజీ మొత్తం చింపినా ఊరుకోడు. సహోదరుల మీద రాత్రింబగళ్లు నేరం మోపేవాడని ప్రకటన గ్రంథం ఎవరిని గురించి చెప్పిందో మీకు తెలుసు.

రాయడం వేరు, నలుగురికీ చదివి వినిపించడం వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. మనది చిన్న ఊరు. పేరు రాయకపోయినా ఎవరి ఇంటి సంగతో తెలిసిపోతుంది. తాగివచ్చి కొట్టే భర్త గురించి ఒక చెల్లెమ్మ రాసుకుంటే అది ఆమెకూ దేవునికీ మధ్య ఉండవచ్చు, పెట్టె అడుగున ఉండవచ్చు. వినిపించాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, అది తరువాతి సంగతి. ముందే అది ఆలోచిస్తే పెన్ను కదలదు.

"రాయదగ్గ విషయం నా దగ్గర ఏముందండీ" అనేవాళ్లకు మేము జాషువా గారి పేరు చెబుతాం. 1895లో మన వినుకొండలో పుట్టిన మనిషి, క్రైస్తవుల బిడ్డ. కావ్యాల్లో సందేశం మోయడానికి హంస ఉంది, కాళిదాసు మేఘాన్ని పంపాడు. జాషువా గారు 1941లో గబ్బిలాన్ని పంపారు. ఇంట్లోకొస్తే అశుభమని జనం తరిమే ప్రాణి. ఎందుకంటే గుడిలోకి తనను రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. కాశీలో శివుడి చెవిన తన ఆకలి, అవమానం అదే చెప్పాలి. కావ్యానికి గబ్బిలమా అని లోపలో బయటో ఎవరో అనే ఉంటారని మా ఊహ. ఆ మాట విని ఆయన మళ్లీ మేఘం దగ్గరకే వెళ్లి ఉంటే మనకు ఆ కావ్యం లేదు. తరువాత 'క్రీస్తు చరిత్ర' రాసిందీ ఆ చెయ్యే, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది.

చాప దగ్గర ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక శనివారం రాయడమే, కొట్టివేతలు లేవు, చింపడం లేదు. దిద్దడం వచ్చే శనివారం. విత్తనం వేసిన రోజే కలుపు తీయం గదా. వారం గడిచాక చూస్తే బాగాలేనిది దానంతటదే కనబడుతుంది, తీసేయవచ్చు. మేము చూసినంతలో మొదటిరోజు కొట్టేయాలనుకున్న వరుసే చాలాసార్లు రెండోవారం మిగులుతుంది. అందంగా ఉందని రాసిన వరుసలే ఎక్కువగా పోతున్నాయి.

తప్పు దొర్లుతుందని భయపడేవాళ్లు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చూడండి. క్రిస్పుకు, గాయియుకు తప్ప మీలో ఎవరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదంటాడు పౌలు. వెంటనే గుర్తొస్తుంది, ఆ, స్తెఫను ఇంటివాళ్లకు కూడా ఇచ్చాను. ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదు అనేసి ముందుకు వెళ్లిపోతాడు. చెబుతుంటే ఎవరో రాసుకుంటున్నారు కాబోలు, ఆ తడబాటు తడబాటుగానే ఉండిపోయింది. చుట్ట మార్చి శుభ్రంగా రాయించలేదు. రోమా పత్రిక చివరనైతే రాసిపెట్టిన తెర్తియు మధ్యలో దూరి తన వందనాలు కూడా చెప్పుకున్నాడు. అపొస్తలుడి పత్రికలో నీకేం పని అని అతనికి లోపల ఎవరూ చెప్పలేదేమో, చెప్పినా వినలేదేమో!

కిందటి శనివారం డెబ్భై దాటిన ఒక పెద్దాయన మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చారు. అక్షరాలు రావు, పాట ఉంది. కుర్రతనంలో బావి తవ్వకానికి వెళ్లినప్పుడు కట్టుకున్నదట, ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "చదువుకున్నోళ్ల ముందర ఏం చెబుతాంలే" అన్నారు. ఆయన పాడుతుంటే ఏడో తరగతి పిల్ల రాసింది. రెండో చరణం సగంలో ఆగారు, తల గోక్కున్నారు, మూడో చరణానికి వెళ్లిపోయారు. కాగితం మా చేతికిచ్చినప్పుడు రెండో చరణం దగ్గర ఆ పిల్ల రాసింది ఇది: "ఇక్కడ తాతకి గుర్తులేదు. వచ్చే వారం అడుగుతాను."