ఆరిన నీటిబొట్టు

కంటికి కనబడినదెల్ల నిజమని నమ్మరాదని పెద్దలందురు. సూక్ష్మదర్శినిలో కనబడినదానికిని ఈ మాట చెల్లునని నేను ఆలస్యముగా గ్రహించితిని.

మాది మేడ్చలు పోవు దారియందలి కొంపల్లి. పట్టపరీక్ష ముగిసిన పిమ్మట నగరమందలి యొక ప్రయోగశాలలో బంగారపు నానోకణములను చేయ నేర్చుకొంటిని. నానోమీటరనగా మీటరులో 100 కోట్లవ వంతు. మరుగుచున్న స్వర్ణలవణ ద్రావణములో సోడియం సిట్రేటు చేర్చినయెడల అది ద్రాక్షరసమువలె ఎఱ్ఱబడును. టర్కెవిచ్ మొదలగువారు 1951లో వివరించిన పద్ధతి ఇదియే. ఆ కణములను చూచుటకు మామూలు సూక్ష్మదర్శిని చాలదు. 1931లో బెర్లినునందు క్నాల్, రుస్కాలు తొలుత నిర్మించిన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని జాతిది కావలయును. ఎలక్ట్రానులు దూరిపోవుటకు నమూనా 100 నానోమీటర్లకు లోబడిన పలుచదనము కలదై యుండవలయును. యంత్రము లోపల శూన్యము గనుక తడి యుండరాదు. అందుచేత 3 మిల్లీమీటర్ల రాగి జల్లెడపై పఱచిన కర్బనపు పొరమీద ఒక బొట్టు వేసి ఆరబెట్టుదురు.

తొలిసారి నేను తొందరపడి, ద్రావణమును కడుగకయే చిక్కని బొట్టు వేసితిని. తెరపై నలుచదరపు స్ఫటికములు చక్కగా కనబడెను. బంగారము ఘనాకృతిలో వచ్చినదని పొంగిపోయి, ఆ సాయంకాలమే చిత్రమును గురువుగారికి పంపితిని. ఎలక్ట్రాన్ ధార తాకిన కొలది ఆ స్ఫటికముల అంచులు క్షీణించుట నేను చూచియే యుంటిని. చూచియు మనసులోనికి రానీయనైతిని.

మఱునాటి యుదయమున అమ్మ గిన్నెలు తోముచు, “తుడువక వదలినచో ఈ బోరునీరు తెల్లని పొర కట్టును, బిడ్డా” అనెను. నా గుండె ఝల్లుమనెను. స్వర్ణలవణములో క్లోరిను కలదు. సిట్రేటులో సోడియము కలదు. ఆ రెండును కలిసిన ఉప్పే గదా!

పంపిన చిత్రము తప్పేమోయని చెప్పుటకు నాలుక ఆడలేదు. అయినను చెప్పితిని. గురువుగారు కోపపడక ఎక్స్‌రే వర్ణపటము తీయించిరి. జల్లెడలోని రాగి రేఖతోపాటు సోడియము, క్లోరిను రేఖలు నిలువున లేచి నిలిచెను.

పిమ్మట ద్రావణమును అపకేంద్ర యంత్రమున త్రిప్పి, పైతేటను వంచివేసి, శుద్ధజలముతో కడిగితిని. మితిమీరి కడిగినచో కణములు గుంపుగూడును గనుక రెండుమార్లతో నిలిపితిని. పిదప అల్ట్రాసోనిక్ తొట్టిలో విడదీసి, పలుచని బొట్టు వేసి, మిగిలిన నీటిని వడపోత కాగితపు అంచుతో పీల్చి, ధూళి పడకుండ మూతపెట్టి ఆరనిచ్చితిని. ఈ పర్యాయము సుమారు 15 నానోమీటర్ల గుండ్రని నల్లని కణములు కనబడెను. ధార ఎంతసేపు తాకినను అవి చెక్కుచెదరలేదు. నచ్చిన చోటొక్కటియే కాక, జల్లెడలోని పెక్కు గడులను పరికించి మఱియు చిత్రములు తీసితిని.

విద్యార్థి సోదర సోదరీమణులారా! యంత్రము అబద్ధమాడదు, మన మందించినదానినే చూపును. దానిని మఱొకటిగా చదువుకొనువారము మనమే. నాటినుండి మా యింట గిన్నెలు తుడుచు పని నాదైనది.