ఇటుకలోని బంధం

భూమి పైపొరలో ఆక్సిజన్ తరువాత అత్యధికంగా ఉన్న మూలకం సిలికాన్. ఈ రెండింటి కలయికతో ఏర్పడిన సిలికేట్లను రిఫ్రాక్టరీ విభాగంలో పనిచేసే మేము ఇటుకల రూపంలో నిత్యం ఎత్తి పేరుస్తుంటాము.

వీటి నిర్మాణం బహు సరళం. నడుమ ఒక సిలికాన్ పరమాణువు, చుట్టూ నాలుగు మూలలలో నాలుగు ఆక్సిజన్ పరమాణువులు. దీనినే చతుర్ముఖి అంటారు. ఇరుగుపొరుగు చతుర్ముఖులు మూలలలోని ఆక్సిజన్‌ను ఉమ్మడిగా పంచుకుంటాయి. మూడు మూలలు పంచుకుంటే పలకలుగా పరచుకుంటాయి; నాలుగూ పంచుకుంటే అన్ని దిక్కులకూ అల్లుకొని క్వార్ట్జ్ అవుతుంది. కొన్ని సిలికాన్ స్థానాలలో అల్యూమినియం చేరితే అది అల్యూమినోసిలికేట్. అప్పుడు కొరవడిన ధనావేశాన్ని పొటాషియం వంటి అయాన్లు పూరిస్తాయి. గూడూరు గనుల అభ్రకం ఇటువంటిదే. పలకలోని బంధం గట్టిది, పలకల నడుమ పొటాషియం పట్టు బలహీనం. కనుకనే అభ్రకం పొరలుగా విడివడుతుంది.

మా ఫైర్‌క్లే ఇటుకకు మూలమైన మన్ను కూడ పలకల కుటుంబానిదే. కాల్చినప్పుడు అందులోని నీరు పోయి, 1000 డిగ్రీలు దాటాక ముల్లైట్ అనే స్ఫటికాలు పుడతాయి. వేడిని ఓర్చే బలం వాటిదే. కోక్ ఓవెన్ గోడలకు వాడేవి సిలికా ఇటుకలు. 300 డిగ్రీల లోపే ఇవి హఠాత్తుగా వ్యాకోచిస్తాయి గనుక కొత్త ఓవెన్‌ను వారాల తరబడి మెల్లగా వేడిచేస్తారు; ఆపై చల్లారనివ్వరు.

అంత మంటకూ లొంగని ఆ బంధమే ధూళి రూపంలో మనకు ముప్పు. ఇటుక కోసేటప్పుడు, పాత లైనింగ్ పగులగొట్టేటప్పుడు లేచే అతిసన్నని సిలికా రేణువులు కంటికి కానరావు. ఊపిరితిత్తులలోని రక్షక కణాలు వాటిని మింగుతాయి గాని కరిగించలేవు. కణం నశిస్తుంది, రేణువు మిగులుతుంది. చుట్టూ మచ్చకట్టి ఊపిరి తగ్గిపోతుంది. ఇదే సిలికోసిస్, దీనిని నయంచేసే మందు లేదు. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పనిచోట్ల పీల్చే స్ఫటిక సిలికాను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

మా పెద్దలు కొందరు దగ్గు వస్తే "ఇది ఇటుక దగ్గులే" అని నవ్వి ఊరుకునేవారు. మేము అలా ఊరుకోదలచుకోలేదు. ఇటుకను తడిపి కోస్తున్నాము. ముక్కుకు చేతిరుమాలు చుట్టుకోవడం మాని, ముఖానికి బిగుతుగా అమరే మాస్కు ధరిస్తున్నాము. ఛాతీ ఎక్స్‌రేకు పిలుపు వస్తే వాయిదా వేయడం లేదు. ఇంటివారికి ఒక్క మనవి: మా పనిబట్టలను దులపకండి, నేరుగా నీళ్ళలో నానవేయండి. ఆ ధూళి మీ ఊపిరిలోనూ కరగదు.