మెట్టుకొక ముడుపు

ముడుపు కట్టని తెలుగు గృహము అరుదు. పిల్లవానికి జ్వరము తగ్గవలెనన్నను, ఆడపిల్లకు సంబంధము కుదురవలెనన్నను, పసుపు నీట తడిపిన గుడ్డలో ఒక రూపాయి బిళ్ళ వేసి, ముడి బిగించి, దేవుని పీటముందు ఉంచుట మన తల్లులనాటి అలవాటు. ఆ మూట కొండకు చేరువరకు ఇంట నెవ్వరును దానిని ముట్టరు. ఇల్లు గడవని దినములలో సైతము ఆ రూపాయి జోలికి పోరు. గత మాఘమాసమున మేము పదునొకండుగురము స్త్రీలము నెల్లూరినుండి బయలుదేరి, అలిపిరి మెట్లమీదుగా తిరుమల కొండ నెక్కి వచ్చితిమి. మా ముడుపు కొంచెము వేరు విధమైనది. దానిని గూర్చియు, త్రోవను గూర్చియు సోదరీమణులకు విన్నవింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పట్టణమునకు చేరువలో ఇటుకబట్టీలు కలవు. వానిలో పనిచేయుటకు దూరగ్రామములనుండి కుటుంబములు పిల్లలతో సహా వచ్చి, వానలు పడువరకు అక్కడనే గుడిసెలు వేసికొని యుందురు. పెద్దలు మట్టి తొక్కుచుండగా పిల్లలు పచ్చి ఇటుకలను తిరుగవేయుచుందురు. ఒక ఊరి బడి వదలి మరియొక ఊరి బడిలో చేరకమునుపే ఏడాది గడచిపోవును. అట్టి ఇండ్ల ఆడపిల్లలను ఇరువదిమందిని తన ఇంట నుంచుకొని, దగ్గరి బడికి పంపుచున్న ఉపాధ్యాయురాలు ఒకరు మా యెరుకలో నున్నారు. ఉద్యోగము చాలించుకొని చాలకాలమైనది. ఆమెగారికి పేరు అక్కరలేదు, మేమును వ్రాయము.

ఆ యింట అన్నమునకు లోటులేదు. పుస్తకములకును ఎవరో యొకరు సాయపడుచునే యుందురు. లోటు స్నానపు గదికి. పెరటిలో తాటాకు తడిక కట్టి యుండెను. దానికి తలుపు లేదు. చిన్నపిల్లలకు అది చాలును గాని, ఈడు వచ్చిన పిల్లలకు చాలదు. కిందటి సంవత్సరము ఇద్దరు పిల్లలు పెద్దమనుషులైన పిమ్మట తల్లులు వచ్చి తీసికొనిపోయిరి. మరల పంపలేదు. వారిలో నొకతె లెక్కలలో తరగతికి మొదటిది. ఆడపిల్ల చదువు ఏల ఆగిపోవునని పెద్ద పెద్ద ఉపన్యాసములు వినుచుందుము. ఇక్కడ ఒక తలుపు లేక ఆగిపోయినది. మేస్త్రిని పిలిపించి అడుగగా, రెండు స్నానపు గదులకును, రెండు మరుగుదొడ్లకును డెబ్బదివేల రూపాయలకు తక్కువ కాదనెను.

ప్రతి మాఘమునను మాలో కొందరము కాలినడకను కొండ కెక్కుట కలదు. అలిపిరి త్రోవను 3550 మెట్లు. మెట్టునకు 20 రూపాయలైనచో 71,000 అగునని మాలో చిన్నది, బ్యాంకిలో పనిచేయు పిల్ల, వంటింటిలో కూరలు తరుగుచు లెక్కవేసి చెప్పెను. కొండ కెక్కలేనివారు మెట్లు కొనుక్కొందురు, ఎక్కగలవారము వారి పేర ఎక్కుదుము అని ఏర్పాటు.

ఇది విని మా వీధి పెద్దమ్మగారు మండిపడిరి. "దేవుని మెట్లకు వెల కడుదురటమ్మా? హుండీలో వేయవలసినది మరియొక చోట వేసి, ముడుపని పేరు పెట్టుట దోషము కాదా?" అనిరి. ఆమె మాటను తేలికగా త్రోసివేయుటకు లేదు. పుణ్యమును అంగడి సరకు చేయుట మాకును ఇష్టము లేదు. రెండు దినములు తర్జనభర్జనలు పడి తుదకు ఇట్లు నిశ్చయించుకొంటిమి: దేవునిది దేవునికి, పిల్లలది పిల్లలకు. ఒక్కొక్కరము మా మొక్కుబడి రూపాయలు పసుపుగుడ్డలో కట్టి హుండీలోనే వేయుదుము. మెట్ల సొమ్ము వేరు సంచిలో నుంచి, వేరు పుస్తకములో వ్రాయుదుము. ఆ రెండును కలియరాదు. ఈ మాట చెప్పిన పిమ్మట పెద్దమ్మగారు చాలసేపు ఊరకుండి, తమ పేర 108 మెట్లు వ్రాసికొమ్మని 2160 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చిరి.

మెట్లు అమ్ముటలో తమాషా లేకపోలేదు. మొదటి మెట్టు, కడపటి మెట్టు అందరకును కావలెను. కడపటిదానికి ముగ్గురు పట్టుపట్టగా చీటీలు వేయవలసి వచ్చెను. నడుమనున్న చదునైన భాగము ఎవరికిని అక్కరలేదు. కష్టము లేనిచోట పుణ్య మేమున్నదని కాబోలు. పక్షవాతముతో మూడేండ్లనుండి మంచము పట్టిన ఒక ఇల్లాలు మాత్రము, "మోకాళ్ళ పర్వతము మెట్లు నా కిండు" అని అడిగెను. పెండ్లిండ్లకు వంటచేయు ఆమె అయిదు మెట్లు తీసికొని, ఆ వంద రూపాయలను రెండు విడతలుగా నిచ్చెను.

ఒక వర్తకుడు ఒక్కమారుగా పదివేలు ఇత్తుననెను. అయితే ఆ ఆడపిల్లల నందరిని వరుసగా నిలువబెట్టి, తన దుకాణము పేరున్న గుడ్డను వారిచేత పట్టించి, పటము తీయించవలెనట! ఉపాధ్యాయురాలుగారిని అడుగగా, "వీరు చదువుకొనుటకు వచ్చినారు, చూపబడుటకు కాదు" అని ఒక్కమాటతో తేల్చివేసిరి. మాలో కొందరికి ఆ పదివేలమీద మనసు పోయినమాట నిజము. అయినను ఆమె మాటయే నెగ్గినది. బిడ్డ ముఖమును బిచ్చపు పాత్ర చేయరాదు గదా! అందువలన మేము రైలెక్కునాటికి ఇంకను 230 మెట్లకు యజమానులు లేకపోయిరి.

పోవుటకు ముందటిదినము ఆ పిల్లలు తమలో తాము చిల్లర పోగుచేసికొని ఇరువది రూపాయలు తెచ్చియిచ్చిరి. ఏ మెట్టు కావలెనని అడిగితిమి. "మీరు అలసిపోయి కూర్చుండే మెట్టు" అనిరి.

గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, రేణిగుంట దాటి తిరుపతి చేరితిమి. మరునాడు తెల్లవారుజామున అలిపిరిలో పాదాల మండపమువద్ద స్వామి పాదుకలను తలపై నుంచుకొని ప్రదక్షిణము చేసి, వట్టికాళ్ళతో మెట్లు మొదలుపెట్టితిమి. లెక్క తప్పకుండుటకు మాలో పెద్దావిడ కొంగున చింతగింజలు కట్టుకొనెను; నూరు మెట్లకొక గింజ ఈ కొంగునుండి ఆ కొంగునకు మారును. త్రోవ పొడవు రమారమి తొమ్మిది కిలోమీటర్లు. చాలవరకు పైకప్పు ఉన్నందున ఎండవానల బాధ లేదు. మొదటనే తలయేరు గుండు వచ్చును. దానికి తలయు మోకాళ్ళును తాకించినచో నొప్పులు పోవునని నమ్మకము. మాలో నమ్మినవారును నమ్మనివారును అందరును తాకించిరి!

మెట్టుమెట్టునకును పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, కర్పూరము వెలిగించుచు ఎక్కు స్త్రీలు మాకు ముందును వెనుకను నుండిరి. వంగినది వంగినట్లే వారు అన్ని మెట్లు ఎట్లు ఎక్కుదురో చూచినగాని నమ్మరాదు. మేము ఒక్కొక్క మెట్టు యజమానురాలి పేరు చదువుకొని పోవుచుంటిమి. తమిళదేశపు స్త్రీలు కొందరు మా పుస్తకమును చూచి, అదేమని సైగలతోను సగము తెలుగుతోను అడిగిరి. చెప్పగా, కొంగుముడులు విప్పి మెట్లు కొనిరి. వారిని చూచి అనంతపురమువారును కొనిరి. గాలిగోపురము చేరునప్పటికి 54 మెట్లు అమ్ముడుపోయెను.

ఈ గాలిగోపురమునే రాత్రివేళ తిరుపతినుండి చూచినచో దీపముల నామములతో ఆకాశమున వ్రేలాడుచున్నట్లుండును. అక్కడికి చేరినచో ఎక్కుడులో కఠినభాగము చాలవరకు ముగిసినట్లే. చల్లనిగాలికి కూర్చుండి, తెచ్చుకొన్న పులిహోర తింటిమి. 1944లో మొదటి ఘాటురోడ్డు వేయకమునుపు అందరును నడచియో, డోలీలోనో ఈ కొండ నెక్కవలసినదే. పసిబిడ్డలను చంకనెత్తుకొని వచ్చిన ఆ కాలపు తల్లుల ఓపిక మాకు లేదు.

అటుపిమ్మట అడవి చిక్కనగును. శేషాచలము ఎర్రచందనమునకు పుట్టినిల్లు. ఇక్కడ నడచువారు ఒక సంగతి మరువరాదు. 2023 ఆగస్టులో ఈ త్రోవను తల్లిదండ్రులతో వచ్చిన ఒక చిన్నపిల్లను చిరుతపులి పొట్టన పెట్టుకొన్నది. ఆ పిమ్మట దేవస్థానమువారు మధ్యాహ్నము రెండుగంటలు దాటిన తరువాత చిన్నపిల్లలను ఈ మెట్లమీదికి పోనీయరాదని కట్టడిచేసిరి. నరసింహస్వామి గుడి సమీపించునప్పుడు మేమందరమును మాటలు మాని నడచితిమి. పిల్లలతో పోదలచిన సోదరీమణులు ఉదయముననే బయలుదేరి, గుంపు విడువక, బిడ్డ చేతిని వదలక నడువవలెను.

జింకల వనము దాటి, ఘాటురోడ్డు ప్రక్కగా కొంతదూరము పోయిన పిమ్మట మోకాళ్ళ పర్వతము వచ్చును. మెట్లు నిట్టనిలువున లేచియుండును. ఇచటి మెట్లు విజయనగర రాజుల కాలముననే కట్టబడినవందురు. ఈ కొండను పాదములతో తొక్కుటకు వెరచి రామానుజులవారు మోకాళ్ళపై ఎక్కిరని ఐతిహ్యము. నేడును కొందరు అట్లే ఎక్కుచుందురు.

మాకు మాత్రము ఇచట జ్ఞప్తికి వచ్చినది మరియొక కథ. తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో జన్మించిరి. ఎనిమిదేండ్ల ప్రాయమున ఇంట చెప్పకయే తిరుపతి యాత్రికుల వెంటబడి వచ్చి, ఈ మోకాళ్ళ పర్వతమువద్ద ఆకలితో సొమ్మసిల్లి, వెదురుపొద క్రింద పడి నిద్రించెనట. అలమేలుమంగ పెద్దముత్తయిదువ రూపున వచ్చి, ఈ కొండ సాలగ్రామమయమనియు, చెప్పులు విడిచి ఎక్కవలెననియు బుద్ధిచెప్పి, ప్రసాదము పెట్టి ఆకలి తీర్చినదట. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదగా వ్రాసిన అన్నమాచార్య చరిత్రమున ఈ కథ కలదు. ఊరుగాని ఊరిలో, అలసి పడిపోయిన ఒక పేదపిల్లవానిని ఆమె మొదట ఎవరి బిడ్డవని అడుగలేదు.  ఆ ముప్పదిరెండువేల కీర్తనల సంగతి తరువాతిది.

ఆ మెట్లమీదనే మా పెద్దావిడకు కాళ్ళు ఆడక కూలబడెను. నీళ్ళు త్రాగించి, పాదములు ఒత్తితిమి. ఆమె కొంచెము తేరుకొని, "పిల్లల మెట్టు ఇదేనమ్మా, బొట్టు పెట్టండి" అనెను. ఆ మెట్టునకు పసుపు రాసి, కుంకుమ పెట్టితిమి. మంచమునుండి ఈ మెట్లు కొనిన ఇల్లాలి పేరును అక్కడనే మరల చదివితిమి.

పైకి చేరునప్పటికి ఇంకను 176 మెట్లు మిగిలియుండెను. మేము పదునొకండుగురము తలకు పదునారు చొప్పున పంచుకొంటిమి. మాలో ఇద్దరు తలనీలాలిచ్చిరి. దర్శనమును గూర్చి వ్రాయుటకు ఏమున్నది? క్షణకాలము కన్నుల నిండుగా చూచి బయటికి వచ్చితిమి. పసుపుమూటలు హుండీలో వేసితిమి. ఆ సాయంకాలము తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనమున భోజనము చేసితిమి. బాల్యవితంతువై, లోకుల మాటలు లెక్కచేయక ఈ కొండకు వచ్చి, గ్రంథములు వ్రాసి, ఇక్కడనే దేహము చాలించిన ఆ తల్లి పేర వేలమంది ఒక్క కప్పుక్రింద కూర్చుండి తినుచున్నారు. మా ప్రక్క బంతిలో ఒక బాలిక మూడుమారులు అన్నము పెట్టించుకొనెను. వడ్డించువారు ఒక్కమారైనను చాలునా అని అడుగలేదు.

తిరిగివచ్చిన పిమ్మట సొమ్మును ఉపాధ్యాయురాలుగారి చేతి కిచ్చి, పుస్తకము చూపి సంతకము పుచ్చుకొంటిమి. మెట్లు కొనిన ప్రతియింటికిని మాలో ఒకరు పోయి కుంకుమయు, లెక్కయు ఇచ్చి వచ్చిరి. సిమెంటు ధర పెరిగి 71,000 చాలకపోగా, మేస్త్రి తన రెండుదినముల కూలి విడిచిపెట్టెను. తీసికొనిపోబడిన ఇద్దరు పిల్లల ఇండ్లకు మేము స్వయముగా పోయితిమి. లెక్కలలో మొదటిది మరల వచ్చినది. రెండవ యామెకు అప్పటికే సంబంధము నిశ్చయమైయుండెను. తల్లితో చాలసేపు మాటలాడితిమి గాని వినలేదు. పదునెనిమిదేండ్లు నిండకుండ పెండ్లి చేయుట చట్టవిరుద్ధమని ఉపాధ్యాయురాలుగారు తండ్రికి గట్టిగా చెప్పియున్నారు. ఆ మాట ఎంతవరకు నిలుచునో చూడవలెను. మేమును నెలకొకమారు పోయి వచ్చుచున్నాము.

వైశాఖమునాటికి గదులు పూర్తియైనవి. తలుపులు వేపకర్రవి. లోపలివైపున ఒక్కొక్క తలుపునకు రెండేసి గడియలు పెట్టించిరి: పొడుగుపిల్లలకు పైన నొకటి, పొట్టిపిల్లలకు క్రింద నొకటి.